గోడలోని కిటికీ: గ్రంథాలయాలలో అద్భుత, భయానక, వైజ్ఞానిక నవలలు

ప్రాచీన ఆలంకారికులు రసాలను లెక్కించినప్పుడు శృంగార, వీర, కరుణ రసాలతో పాటు అద్భుతానికి, భయానకానికి కూడ సమాన స్థానం కల్పించారు. గుణాఢ్యుని బృహత్కథ, ఆ కథాసంపదను మనకు అందించిన కథాసరిత్సాగరం, తెలుగులో పింగళి సూరన కళాపూర్ణోదయం అద్భుత రసాన్ని ఆశ్రయించి వెలసినవే. అయినప్పటికీ నేటి విద్యాలయ గ్రంథాలయాలలో ఈ రెండు రసాలకు లభిస్తున్న గౌరవం స్వల్పం. దయ్యాల కథ, గ్రహాంతర యాత్ర, మాయాద్వీపం అనగానే అవి కాలక్షేపపు పుస్తకాలనీ, పరీక్షలకు పనికిరానివనీ ప్రక్కకు నెట్టివేయటం పరిపాటి అయింది. మరికొన్ని చోట్ల ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పొరపాటు జరుగుతున్నది. విద్యార్థులు అడుగుతున్నారన్న ఒకే కారణంతో మంచి చెడ్డల విచక్షణ లేకుండ చేతికి అందినదానినల్లా కొని బీరువాలు నింపుతున్నారు.

ఈ రెండు పొరపాట్లకు మధ్య ఒక దారి ఉన్నది. ఆ దారిని వెదకటానికి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ నగరం నుంచి బయలుదేరటం ఎన్నో విధాల సముచితం. ఉత్తమమైన అద్భుత సాహిత్యమూ, అద్భుతం పేరిట మానవుని మీద జరిగే క్రౌర్యమూ ప్రక్కప్రక్కనే కనిపించే ప్రదేశమది.

తెలుగువారికి పొరుగు నగరం

రాయపూర్ తెలుగువారికి దూరదేశమేమీ కాదు. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలుమార్గం మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురాల మీదుగా మహానది మైదానాన్ని కళింగాంధ్రతో కలిపింది. రైల్వే ఉద్యోగాల కొరకు, భిలాయి ఉక్కు కర్మాగారంలో పనుల కొరకు వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో స్థిరపడినవి. ఆంధ్రప్రదేశ్ 1956లోను, ఛత్తీస్‌గఢ్ 2000లోను నవంబరు 1వ తేదీనే అవతరించటం ఒక యాదృచ్ఛికమైన సామ్యం.

సాహిత్య రంగంలోని సంబంధం అంతకంటె ఆసక్తికరమైనది. రాయపూర్‌కు పడమటగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో రాజనాందగావ్ ఉన్నది. అక్కడి దిగ్విజయ్ కళాశాలలో 1958 నుంచి హిందీ ఉపన్యాసకులుగా పనిచేసిన గజానన్ మాధవ్ ముక్తిబోధ్ ఆధునిక హిందీ కవిత్వానికి కొత్త మలుపు త్రిప్పినవారు. ఆయన దీర్ఘకవిత 'అంధేరే మే' ఒక పీడకలలా సాగే రచన. అర్ధరాత్రి వీధులలో వింత ఊరేగింపు, గుహలు, వెంటాడే అజ్ఞాత పురుషుడు అందులో కనిపిస్తారు. 1964 సెప్టెంబరులో కవి కన్నుమూసిన తరువాత, అదే సంవత్సరం నవంబరులో ఆ కవిత తొలిసారి అచ్చయిన పత్రిక 'కల్పన'. హైదరాబాదు నుంచి వెలువడిన హిందీ మాసపత్రిక అది. ఛత్తీస్‌గఢ్ నేల మీద పుట్టిన గొప్ప భయానక కల్పన తెలుగుగడ్డ మీద తొలిసారి వెలుగు చూసిందన్నమాట.

బ్రహ్మరాక్షసుని బోధ

ముక్తిబోధ్ నవలాకారునిగా ప్రసిద్ధులు కారు. కాని కల్పనాసాహిత్యాన్ని ఎలా చదవాలో తెలుసుకొనటానికి ఆయనను మించిన ఉపాధ్యాయుడు లేడు. రచన మూడు దశలలో జరుగుతుందని ఆయన వివరించారు. జీవితంలో ఒక తీవ్రానుభవం కలగటం మొదటి దశ. ఆ అనుభవం తన బాధామూలాల నుంచి విడివడి, కళ్ళ ఎదుట నిలిచిన ఒక స్వైరకల్పనగా మారటం రెండవ దశ. ఆ కల్పనను మాటలలోనికి తెచ్చే శ్రమ మూడవది. ఈ దృష్టితో చూస్తే కల్పన జీవితం నుంచి పారిపోవటం కాదు. జీవితాన్ని కొంచెం దూరాన నిలిపి చూడటం.

ఆయన కథ 'బ్రహ్మరాక్షస్ కా శిష్య్' ఇంటర్మీడియట్ విద్యార్థులు కూడ చదువుకొనదగినది. విద్య కొరకు కాశీ చేరిన ఒక పల్లెటూరి బాలుడు పాడుబడినట్లున్న ఒక భవంతిలో గురువును కనుగొని పన్నెండేళ్ళు చదువుకుంటాడు. చదువు ముగిసిన రోజున గురుశిష్యులు భోజనానికి కూర్చుంటారు. నేతి గిన్నె ప్రక్క గదిలో ఉండిపోతుంది. శిష్యుడు లేవబోగా గురువు కూర్చున్న చోటి నుంచే చేయి చాపుతాడు. ఆ చేయి పెరిగి పెరిగి గది దాటి వెళ్ళి నేతి పాత్రను తెస్తుంది. అప్పుడు తెలుస్తుంది ఆయన బ్రహ్మరాక్షసుడని. తాను సంపాదించిన విద్యను యోగ్యుడైన ఒకనికి అందించేవరకు ఆయనకు విముక్తి లేదు. ఇప్పుడు ఆ బాధ్యత శిష్యునికి సంక్రమించింది.

ఇందులో ఒళ్ళు జలదరించే ఘట్టం ఒకే ఒకటి, అదీ అన్నం ముందు కూర్చున్నప్పుడు జరిగేది. కాని పుస్తకం మూసిన తరువాత పాఠకుని వెంటాడేది ఆ పొడవాటి చేయి కాదు. ఇతరులకు పంచని విద్య శాపమవుతుందన్న భావం. ఉత్తమ భయానక రచనకు ఇదే గీటురాయి. భయం తీరిన తరువాత ఏదైనా మిగలాలి.

విభాగాలు, వాటి ధర్మాలు

ఇక్కడ మూడు మాటలకు అర్థాలు స్పష్టం చేసుకొనటం అవసరం. ప్రకృతి నియమాలకు లొంగని లోకాన్ని సృష్టించి, ఆ లోకానికి తనవైన నియమాలను ఏర్పరచేది అద్భుత కల్పన. మనకు తెలిసిన లోకంలోనికి తెలియనిదేదో చొరబడినప్పుడు కలిగే కలవరాన్ని చిత్రించేది భయానక నవల. విజ్ఞానశాస్త్రం ఇప్పటికి సాధించినదానిని ఆధారం చేసుకొని, 'ఇదే ముందుకు సాగితే ఏమవుతుంది?' అని ప్రశ్నించేది వైజ్ఞానిక కల్పన, అనగా సైన్స్ ఫిక్షన్.

ఇవి పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకొన్న ప్రక్రియలన్న అభిప్రాయం కొంతవరకే నిజం. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో వచ్చిన మాట వాస్తవమే. అయితే పందొమ్మిదవ శతాబ్దం చివర దేవకీనందన్ ఖత్రీ వ్రాసిన 'చంద్రకాంత' కోసమే ఎందరో హిందీ నేర్చుకొన్నారని ప్రతీతి. మాయాయంత్రాలతో నిండిన తిలిస్మ్ కోటలు, వేషాలు మార్చటంలో ఆరితేరిన ఐయార్లు ఆ నవలకు ప్రాణం. 1900లో 'సరస్వతి' పత్రికలో కేశవ ప్రసాద్ సింహ్ చంద్రలోక యాత్రను గురించి కథ వ్రాశారు. బేగం రొకేయా రచన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు పత్రికలో వెలువడింది. స్త్రీలు పరిపాలించే దేశంలో సూర్యతాపంతో వంట చేయటాన్ని, ఆకాశయానాన్ని ఆమె ఆనాడే ఊహించారు.

గోడలో ఒక కిటికీ

రాయపూర్ నగరాన్ని ప్రపంచ సాహిత్య పటం మీద నిలిపిన రచయిత వినోద్ కుమార్ శుక్ల్. 1937 జనవరి 1న రాజనాందగావ్‌లో జన్మించి, రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా పనిచేసి, ఆ నగరంలోనే జీవితం గడిపారు. 2023లో అంతర్జాతీయమైన పెన్-నబకోవ్ పురస్కారం, 2024 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం ఆయనను వరించినవి. 2025 డిసెంబరు 23న రాయపూర్‌లోనే కన్నుమూశారు.

1997లో వెలువడి, 1999లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన నవల 'దీవార్ మే ఏక్ ఖిడ్‌కీ రహతీ థీ'. గోడలో ఒక కిటికీ ఉండేదని ఆ పేరుకు అర్థం. చిన్న పట్టణంలోని కళాశాలలో గణితం బోధించే రఘువర్ ప్రసాద్, అతని నవవధువు సోన్సీ ఇందులో ప్రధాన పాత్రలు. వారి కాపురం ఒకే గదిలో. జీతం కొద్ది. కళాశాలకు వెళ్ళటానికి వాహనం దొరకటమే కష్టం. అటువంటి మనిషికి దారిన పోయే ఒక సాధువు తన ఏనుగు మీద చోటిస్తాడు. ఇక ఆ గదిలోని కిటికీ దూకితే చాలు, అవతల నది, తామరకొలనులు, పచ్చని బాటలు, టీ కాచి ఇచ్చే ఒక ముసలి అమ్మ ఎదురవుతారు. మంత్రం లేదు, మాయాదండం లేదు. ఆ దంపతులు ఆ లోకానికి వెళ్ళివస్తారు, మళ్ళీ ఒంటి గదిలో అన్నం వండుకుంటారు.

ఈ నవలను అద్భుత కల్పనగా పరిగణించటానికి కొందరు పండితులు అంగీకరించకపోవచ్చు. అయినా అద్భుతం ఎందుకు అవసరమో ఇంత సులభంగా చెప్పిన పుస్తకం అరుదు. పేదరికం మనిషి ఇంటిని ఇరుకు చేయగలదు గాని ఊహను ఇరుకు చేయనక్కరలేదని అది నిరూపిస్తుంది. శుక్ల్ హిందీ చిన్న వాక్యాలతో, నిత్యవ్యవహారంలోని మాటలతో సాగుతుంది కనుక హిందీని ద్వితీయ భాషగా చదివే తెలుగు విద్యార్థులు కొద్దిపాటి శ్రమతో మూలాన్నే చదువగలరు. 2011లో వెలువడిన ఆయన మరొక నవల 'హరీ ఘాస్ కీ ఛప్పర్‌వాలీ ఝోప్‌డీ ఔర్ బౌనా పహాడ్' బాలపాఠకులకు కూడ చేరువైనది.

భయం ఎవరిని బాధిస్తుంది?

ఇదే ఛత్తీస్‌గఢ్‌లో నాణెం రెండవ వైపు కూడ చూడాలి. పల్లెలలో బిడ్డకు జబ్బు చేసినా, పశువు చచ్చిపోయినా, పంట పోయినా ఊరిలోని ఒక స్త్రీని, తరచుగా ఒంటరి స్త్రీని, 'టోన్హీ' అని నిందించి హింసించే దురాచారం అక్కడ తరతరాలుగా ఉన్నది. దానిని అరికట్టటానికి ఆ రాష్ట్ర శాసనసభ 2005లో టోన్హీ ప్రతాడన నివారణ చట్టం చేసింది. ఒక వ్యక్తిని టోన్హీగా ముద్రవేసిన వారికి మూడేళ్ళ వరకు, ఆ నెపంతో హింసించిన వారికి ఐదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష విధించవచ్చునని ఆ చట్టం చెబుతున్నది. తెలుగువారు దీనిని పరాయి రాష్ట్రపు సమస్యగా భావించి ఊరుకొనటానికి వీలులేదు. చేతబడి, బాణామతి అన్న అనుమానంతో తెలంగాణ పల్లెలలో జరిగిన దారుణాలు వార్తాపత్రికలకు కొత్తవి కావు.

ఈ నేపథ్యంలో భయానక నవలను గ్రంథాలయంలో ఉంచవచ్చునా అన్న ప్రశ్న పుస్తకాల కొనుగోలు పట్టికకు మాత్రమే పరిమితమైనది కాదు. 1980వ దశకం ఆరంభంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తెలుగుదేశాన్ని ఊపివేసినప్పుడు ఈ ప్రశ్న బలంగా తలెత్తింది. ఒక బాలిక మీద క్షుద్ర ప్రయోగాన్ని ఉత్కంఠతో చిత్రించిన ఆ నవలను వేలాదిమంది ఆబగా చదివారు. అది మూఢనమ్మకాలను పెంచుతుందని తీవ్రమైన విమర్శ కూడ వచ్చింది. రంగనాయకమ్మ దానిపై ఒక విమర్శ గ్రంథమే వెలువరించారు. ఉభయపక్షాల వాదనలను ప్రక్కప్రక్కన పెట్టి చదివే అవకాశం కళాశాల విద్యార్థికి కలిగితే, ఆ వివాదమే ఒక మంచి పాఠం కాగలదు. నవలను దాచివేయటం కంటె నవలనూ, విమర్శనూ ఒకే అరలో ఉంచటం వివేకం.

బ్రహ్మరాక్షసుని కథకూ, చౌకబారు చేతబడి నవలకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటిదానిలో భూతం మన అంతరంగానికి ప్రతిరూపం. రెండవదానిలో భూతానికి ఊరిలో ఒక చిరునామా ఉంటుంది; అది సాధారణంగా ఒక నిస్సహాయురాలి ఇల్లు.

తెలుగు అరలో ఉండవలసినవి

తెలుగులో బాలల కొరకు మొదట ఎన్నదగినవి దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో వ్రాసిన ధారావాహికలు. 1954లో ఆరంభమైన 'తోకచుక్క' మొదలుకొని 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'రాకాసిలోయ' వంటి రచనలు తరాల పిల్లలను అలరించినవి. చందమామ హిందీలోను, ఇతర భారతీయ భాషలలోను వెలువడినందువలన తెలుగు రచయిత ఊహించిన లోయలు, కోటలు ఉత్తర భారతంలోని పిల్లలకు కూడ సొంతమైనవి. ఎక్కడో దూరాన ఉన్న ఇద్దరు పిల్లలు ఒకే మాసంలో ఒకే మాంత్రికునికి భయపడటం భావసమైక్యతకు చిన్న ఉదాహరణ కాదు.

పెద్దల కొరకు విశ్వనాథ సత్యనారాయణ చిన్న నవల 'హాహాహూహూ' తప్పక ఉండాలి. గుఱ్ఱపు ముఖం గల ఒక గంధర్వుడు లండను నగరంలో వచ్చి పడితే అక్కడి శాస్త్రజ్ఞులు అతనిని ఏమనుకొంటారు? ఈ ఊహను ఆధారం చేసుకొని రెండు నాగరికతల అహంకారాలను హాస్యంతో చర్చించిన రచన అది.

ఇటీవలి వైజ్ఞానిక నవలలు

వైజ్ఞానిక కల్పనలో భారతీయ రచయితలు గత మూడు నాలుగు దశాబ్దాలలో గణనీయమైన కృషి చేశారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మరాఠీలో వ్రాసిన 'వామన్ పరత్ న ఆలా' ఆంగ్లంలో 'ది రిటర్న్ ఆఫ్ వామన్' పేర 1989లో వెలువడింది. భూగర్భంలో లభించిన ప్రాచీన నాగరికతా చిహ్నాన్ని అనుసరించి శాస్త్రజ్ఞులు ఒక మేధావి యంత్రాన్ని నిర్మిస్తారు. మూడడుగులు అడిగిన వామనుని వలె ఆ యంత్రం ఎంతవరకు పెరుగుతుందన్నదే కథ. కృత్రిమ మేధ గురించి ప్రతి ఇంటా చర్చ జరుగుతున్న నేడు ఈ నవలకు ప్రాసంగికత ఎంతో పెరిగింది. నార్లీకర్ 2025 మే నెలలో పరమపదించారు.

అమితావ్ ఘోష్ 'ది కలకత్తా క్రోమోజోమ్' 1995లో వెలువడి, 1997లో ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారం పొందింది. దోమ ద్వారా మలేరియా వ్యాపించే విధానాన్ని రొనాల్డ్ రాస్ కనుగొన్న చరిత్రకు ఇందులో మరొక రహస్య చరిత్ర కల్పించబడింది. ప్రయోగశాలలో ఊడ్చేవారు, సేవకులు కావాలనే రాస్‌ను దారి నడిపించారా అన్నది ఇందులోని ప్రశ్న. 1897 ఆగస్టులో రాస్ ఆ ఆవిష్కరణ చేసినది సికిందరాబాదులో కనుక తెలుగు పాఠకునికి ఈ నవల పట్ల ప్రత్యేకమైన ఆసక్తి కలగటం సహజం. ఇది కళాశాల స్థాయి పాఠకులకు ఉద్దేశింపదగినది. కథనం జటిలం, ఓపిక అవసరం.

మంజుల పద్మనాభన్ నవల 'ఎస్కేప్' (2008) స్త్రీజాతి నిర్మూలించబడిన దేశంలో మిగిలిపోయిన ఒకే ఒక బాలిక కథ. ఆడపిండాల హత్య గురించి ఉపన్యాసాలు కలిగించలేని కలవరాన్ని ఈ కల్పన కలిగిస్తుంది. ఇది కూడ వయసు వచ్చిన విద్యార్థులకే తగినది. సమిత్ బసు 'చోజెన్ స్పిరిట్స్' (2020) సమీప భవిష్యత్తులోని ఢిల్లీని, నిరంతర నిఘాను చిత్రించింది. అదే సంవత్సరం వెలువడిన లావణ్య లక్ష్మీనారాయణ్ 'అనలాగ్/వర్చువల్' బెంగుళూరు నగరాన్ని ఒక సంస్థ పాలించే 'అపెక్స్ సిటీ'గా ఊహించింది. అక్కడ ప్రతి పౌరుని ఉత్పాదకత లెక్కించబడుతుంది. వెనుకబడినవారు సౌకర్యాలు లేని శివార్లకు నెట్టివేయబడతారు. మార్కుల, ర్యాంకుల ఒత్తిడి మధ్య పెరిగే మన విద్యార్థులకు ఇది దూరపు కల్పనగా తోచదు.

ఎంపికకు మూడు ప్రశ్నలు

పుస్తకాలను ఎంపిక చేసే ఉపాధ్యాయులు, గ్రంథపాలకులు ప్రతి నవలను మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. మొదటిది: రచయిత సృష్టించిన లోకం తన నియమాలకు తాను కట్టుబడి ఉన్నదా? అవసరం వచ్చినప్పుడల్లా కొత్త మంత్రం పుట్టుకొచ్చే నవల పాఠకుని బుద్ధిని అవమానిస్తుంది. రెండవది: పుస్తకం మూసిన తరువాత పాఠకుడు తన చుట్టూ ఉన్న లోకాన్ని మరింత శ్రద్ధగా చూస్తాడా? మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ కథలో రాక్షసునిగా చూపబడినది ఎవరు? వితంతువో, వికలాంగుడో, పరాయి మతం, కులం, భాష కలవాడో రాక్షసుని స్థానంలో నిలిచినట్లయితే ఆ పుస్తకం ఎంత ఉత్కంఠభరితమైనా విద్యాలయానికి తగదు.

పాఠశాల గ్రంథాలయాలు చందమామ ధారావాహికలు, శుక్ల్ బాలల నవల, నార్లీకర్ రచనలతో ప్రారంభించటం మంచిది. జూనియర్ కళాశాలలు బ్రహ్మరాక్షసుని కథను, 'హాహాహూహూ'ను, గోడలో కిటికీ నవలను చేర్చుకొనవచ్చు. మిగిలిన ఆంగ్ల నవలలు డిగ్రీ కళాశాలలకు తగినవి. అనువాదం ఉన్నచోట మూలాన్ని, అనువాదాన్ని ప్రక్కప్రక్కన ఉంచినట్లయితే విద్యార్థి రెండు భాషలనూ ఒకేసారి అభ్యసించగలడు. అనువాదం లేనిచోట, ఉత్సాహవంతులైన విద్యార్థుల చేత ఒక్కొక్క ప్రకరణాన్ని తెలుగు చేయించి గోడపత్రికలో ప్రకటించటం ప్రయోజనకరం. దానికి ప్రత్యేకమైన నిధులు అవసరం లేదు.

గ్రంథాలయం ఎంత చిన్నదైనా కావచ్చు. రఘువర్ ప్రసాద్ గది కూడ చిన్నదే. ఆ గదికి కిటికీ ఉండటం ముఖ్యం. ఆ కిటికీ దూకి వెళ్ళిన పిల్లవాడు తిరిగివచ్చినప్పుడు ఊరిలోని ఏ ముసలమ్మనూ చూసి భయపడకుండ ఉండాలి. ఆమె కూడ ఒక లోతైన కథ కలిగిన మనిషేనని గ్రహించగలగాలి. అటువంటి పాఠకులను తయారు చేయగలిగిన నాడు అద్భుత సాహిత్యానికి మన విద్యాలయాలలో ఇచ్చిన చోటు సార్థకం కాగలదు.